‘టు’ ముందా, వెనకా? బెంగళూరు తెలుగువాళ్ల కోసం మర్ఫీ గ్రామర్ రివ్యూ

నమస్తే అండి. బెంగళూరులో ఉద్యోగం చేస్తూనో, వెతుక్కుంటూనో ఇంగ్లిష్ గట్టిపరుచుకోవాలనుకునే మన తెలుగువాళ్ల కోసం ఈ రివ్యూ. మారతహళ్లి, బీటీఎం పీజీల్లో చాలామంది దగ్గర కనిపించే పుస్తకమే ఇది. నీలం అట్ట, రేమండ్ మర్ఫీ రాసిన ‘ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్’. కేంబ్రిడ్జ్ వాళ్లు 1985లో మొదటిసారి వేశారు. నా చేతిలో ఉన్నది 2019 నాటి ఐదో ఎడిషన్.

పుస్తకం మొత్తం గురించి మాట్లాడను. ఒక్క విషయమే చూద్దాం. టు గో, టు సెండ్, టు స్టాప్ లాంటి టు ఇన్ఫినిటివ్‌లకు (టు చేర్చిన క్రియలకు) ముందు ఏ క్రియ వస్తుంది, వాటి పక్కన యాడ్‌వర్బ్, అంటే పని ఎలా, ఎప్పుడు జరిగిందో చెప్పే మాట, ఎక్కడ కూర్చుంటుంది అన్నది. ఆఫీస్ మెయిల్‌లో మన అర్థం తారుమారయ్యేది ఎక్కువగా ఇక్కడేనని నా అభిప్రాయం. స్పెల్లింగ్ తప్పితే ఎవరైనా సర్దుకుని చదువుకుంటారు. ఇది తప్పితే ఎదుటివాళ్లు ఇంకో పని చేసేస్తారు.

ముందు పుస్తకం తీరు. మొత్తం 145 యూనిట్లు. ఎడమ పేజీలో పాఠం, కుడి పేజీలో ఎక్సర్‌సైజులు. పొద్దున ఒక యూనిట్ చదివి, రాత్రి పీజీకి వచ్చాక అభ్యాసం చేసుకునేలా ఉంటుంది. 53 నుంచి 68 వరకు యూనిట్లు టు రూపానికి, గోయింగ్, సెండింగ్ లాంటి ఇంగ్ రూపానికి కేటాయించారు. ఈ భాగం నిజంగా బాగుంది. ఎందుకు బాగుందో ఒక పేజీ తెరిచి చూపిస్తాను.

ట్రై అనే క్రియ చూడండి. ఆఫీస్‌లో సర్వర్ పడిపోయింది అనుకుందాం. ‘ఐ ట్రైడ్ టు రీస్టార్ట్ ద సర్వర్’ అని రాశారు. ‘ఐ ట్రైడ్ రీస్టార్టింగ్ ద సర్వర్’ అని ఇంకొకరు రాశారు. రెండూ కరెక్టే, కానీ ఒకటి కాదు. మొదటిది ‘రీస్టార్ట్ చేయాలని చూశాను’. అయిందో లేదో తెలియదు, బహుశా కాలేదు. రెండోది ‘రీస్టార్ట్ చేసి చూశాను’. రీస్టార్ట్ అయింది, దానివల్ల సమస్య తీరిందా లేదా అన్నదే ప్రశ్న. అర్ధరాత్రి షిఫ్ట్‌లో మీ తర్వాత వచ్చేవాళ్లకు ఈ తేడా ప్రాణం. ‘చేయాలని చూశాను’, ‘చేసి చూశాను’ అన్న తేడా మన నాలుక మీద ఎప్పుడూ ఉన్నదే కదండీ. మర్ఫీకి తెలుగు రాదు కాబట్టి ఆయన చెప్పలేదు. మనం పక్కన పెన్సిల్‌తో రాసుకోవచ్చు.

రిమెంబర్ కూడా అంతే. టు సెండ్ అంటే ‘పంపాలని గుర్తుంది’, సెండింగ్ అంటే ‘పంపినట్టు గుర్తుంది’. స్టాప్ అయితే ఇంకా తేలిక. ‘స్టాప్డ్ టు టాక్’ అంటే మాట్లాడ్డానికి ఆగాడు. ‘స్టాప్డ్ టాకింగ్’ అంటే మాట్లాడ్డం ఆపాడు. ఈ యూనిట్లు చేసేటప్పుడు నా సలహా ఒకటే: ఖాళీ పూరించేముందు ఆ వాక్యాన్ని తెలుగులో ఒకసారి అనుకోండి. తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లిష్ రాదని క్లాసుల్లో బెదిరిస్తుంటారు. ఈ చోట మాత్రం తెలుగులో ఆలోచిస్తేనే తేడా చప్పున తెలుస్తుంది.

అయితే తెలుగు మనల్ని తప్పుదారి పట్టించే చోటు కూడా ఒకటుంది. ‘మని’ అని ముగిసే మాటలు. వెళ్లమని చెప్పాడు, వెళ్లమని అడిగాడు, వెళ్లమని సలహా ఇచ్చాడు, వెళ్లమని సూచించాడు. మనకు అన్నీ ఒకే వరుస. అందుకే టోల్డ్ మీ టు గో, ఆస్క్డ్ మీ టు గో, అడ్వైజ్డ్ మీ టు గో అన్నాక అదే ఊపులో సజెస్టెడ్ మీ టు గో అనేస్తాం. ఆ చివరిది ఇంగ్లిష్‌లో కుదరదు. ‘సజెస్టెడ్ గోయింగ్’ లేదా ‘సజెస్టెడ్ దట్ ఐ గో’ అనాలి. 55వ యూనిట్‌లో మర్ఫీ దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావిస్తాడు. కానీ ఒక్క చిన్న నోట్‌తో సరిపెట్టాడు. మన ప్రాంతం నుంచి వచ్చినవాళ్లకు దీని మీద ఒక పేజీ ఎక్సర్‌సైజులు కావాలి.

అదే యూనిట్‌లో మేక్, లెట్ ఉన్నాయి. ‘దే మేడ్ మీ టు వెయిట్’ అని బెంగళూరు ఆఫీసుల్లో రోజూ వినిపిస్తుంది. మేక్ తర్వాత టు రాదు, ‘మేడ్ మీ వెయిట్’. కానీ పాసివ్ చేయగానే, అంటే పని ఎవరి మీద జరిగిందో వాళ్లతో వాక్యం మొదలుపెట్టగానే, టు తిరిగి వస్తుంది: ‘ఐ వాజ్ మేడ్ టు వెయిట్’. ఇది కూడా పుస్తకంలో ఉంది, దాటేయకండి.

ఇప్పుడు నాకు అసంతృప్తి కలిగించిన భాగం. ఇన్ఫినిటివ్‌లు 60ల యూనిట్లలో అయిపోతాయి. యాడ్‌వర్బ్‌లు వాక్యంలో ఎక్కడ పెట్టాలన్నది వంద దాటాక ఎప్పుడో వస్తుంది. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసినప్పుడు ఏమవుతుందన్నది చదివేవాళ్లే కూడదీసుకోవాలి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఈ వాక్యం చూడండి. ‘ద మేనేజర్ డిసైడెడ్ ఇమ్మీడియట్లీ టు స్టాప్ ద రిలీజ్’. ఇమ్మీడియట్లీ ఎవరిది? వెంటనే నిర్ణయించాడా, వెంటనే ఆపాలని నిర్ణయించాడా? చెప్పలేం. అది రెండు క్రియల మధ్య నిలబడి అటూ ఇటూ చూస్తోంది. ఇప్పుడు జరపండి. ‘ఇమ్మీడియట్లీ డిసైడెడ్ టు స్టాప్’ అంటే నిర్ణయం వెంటనే జరిగింది, ఆపడం ఎప్పుడైనా కావచ్చు. ‘డిసైడెడ్ టు ఇమ్మీడియట్లీ స్టాప్’ అంటే ఆపడమే వెంటనే. ‘డిసైడెడ్ టు స్టాప్ ద రిలీజ్ ఇమ్మీడియట్లీ’ అన్నా మామూలుగా ఆపడానికే చెందుతుంది.

తెలుగులో కూడా ఇదే చిక్కు రావచ్చు. ‘మేనేజర్ వెంటనే రిలీజ్ ఆపాలని నిర్ణయించాడు’ అంటే కొంచెం తికమకే. ‘రిలీజ్ ఆపాలని వెంటనే నిర్ణయించాడు’ అంటే ఏ సందేహమూ లేదు. యాడ్‌వర్బ్‌ని దాని క్రియకు ఆనించి పెట్టడం, అంతే సూత్రం.

‘టు ఇమ్మీడియట్లీ స్టాప్’ అనగానే కొందరు టీచర్లు ఎర్ర పెన్ను తీస్తారు. టుకీ క్రియకీ మధ్య ఏ మాటా దూర్చకూడదని వాళ్ల వాదన. దీన్ని స్ప్లిట్ ఇన్ఫినిటివ్ అంటారు. ఈ అభ్యంతరం పాతదే. ఇంగ్లండ్‌లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే చర్చి పెద్ద 1864లో వేసిన పుస్తకంలోనే దీన్ని తప్పుపట్టాడు. కానీ 1926లో ఫౌలర్ అనే నిఘంటుకర్త ఈ భయాన్ని చీల్చి చూపించాడు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లను ఈ విషయంలో ఐదు రకాలుగా విభజించాడు. స్ప్లిట్ ఇన్ఫినిటివ్ అంటే ఏమిటో తెలియకపోయినా దాని గురించి తెగ బాధపడేవాళ్లు అందులో ఒక రకం. అర్థం అస్పష్టమయ్యేకంటే, వాక్యం కృతకంగా మారేకంటే విడదీయడమే మేలని ఆయన తీర్పు. దాదాపు వందేళ్ల కిందటి మాట! ఇప్పటికీ ఆ భయంతో యాడ్‌వర్బ్‌ని టు ముందుకు తోసి, స్పష్టంగా ఉన్న మెయిల్‌ని మసక చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ‘వి ఎక్స్‌పెక్ట్ సేల్స్ టు మోర్ దాన్ డబుల్’ అనే వాక్యం తీసుకోండి. అందులో మోర్ దాన్‌ని ఇంకెక్కడ పెడతారు? చోటే లేదు. విడదీయాల్సిందే.

నాట్ విషయం ఇంకా ముఖ్యం. ‘ద క్లయింట్ డిడ్ నాట్ ఆస్క్ అస్ టు డిప్లాయ్’, ‘ద క్లయింట్ ఆస్క్డ్ అస్ నాట్ టు డిప్లాయ్’. డిప్లాయ్ అంటే సిద్ధమైన సాఫ్ట్‌వేర్‌ని వాడకంలోకి పెట్టడం. మొదటిది ‘డిప్లాయ్ చేయమని అడగలేదు’, రెండోది ‘డిప్లాయ్ చేయొద్దన్నారు’. అడగకపోవడానికీ వద్దనడానికీ మధ్య ఎంత దూరం ఉందో మీకు చెప్పక్కర్లేదు. రిలీజ్ రోజు సాయంత్రం ఈ రెంటినీ కలిపేస్తే టీమ్ మొత్తానికి టెన్షన్. నాట్ ఏ క్రియను కొట్టేస్తోందో చూసుకుని, దాని పక్కనే పెట్టండి.

నాకు బాగా నచ్చిన ఒక ప్రయోగం చెప్పి ముందుకు వెళ్తాను. ఓన్లీ తర్వాత టు. ‘హీ రష్డ్ టు మెజెస్టిక్ ఓన్లీ టు ఫైండ్ దట్ ద బస్ హ్యాడ్ లెఫ్ట్’. చాలామంది దీన్ని ‘తెలుసుకోవడానికే పరిగెత్తాడు’ అని అర్థం చేసుకుంటారు. కాదండీ. ‘పరుగున మెజెస్టిక్ బస్టాండ్‌కి వెళ్తే, తీరా చూస్తే బస్సు వెళ్లిపోయింది’. ఆ ‘తీరా’ ఉందే, అదే ఇక్కడ ఓన్లీ టు. అక్కడ టు ఉద్దేశాన్ని చెప్పడం లేదు, అనుకోని ఫలితాన్ని చెబుతోంది. కానీ ‘హీ వెంట్ దేర్ ఓన్లీ టు బై ఎ టికెట్’ అంటే మళ్లీ మామూలు ఉద్దేశమే, టికెట్ కొనడానికి మాత్రమే వెళ్లాడు. రూపం ఒకటే, సందర్భమే తేల్చాలి.

టూ, ఎనఫ్ గురించి ఎక్కువ చెప్పను, మర్ఫీ చక్కగానే చెప్పాడు. ‘టూ హాట్ టు డ్రింక్’ అంటే ‘తాగలేనంత వేడి’. ఆ ‘లేనంత’లో ఉన్న ‘లేదు’ ఇంగ్లిష్‌లో పైకి కనబడదు. మళ్లీ ఒక నాట్ తెచ్చి తగిలించొద్దు.

ఇక కొనాలా వద్దా? కొనండి. టు, ఇంగ్ యూనిట్ల కోసమైనా కొనొచ్చు. ఇంగ్లిష్ చదివితే ఓ మాదిరిగా అర్థమయ్యేవాళ్ల కోసం ఈ నీలం పుస్తకం. ఇంకా మొదటి మెట్టులో ఉన్నవాళ్లకు అదే రచయితది ఎర్ర అట్ట ‘ఎసెన్షియల్ గ్రామర్ ఇన్ యూజ్’ ఉంది, దానితో మొదలుపెట్టండి. యాడ్‌వర్బ్‌ల లోటు తీరడానికి మైకేల్ స్వాన్ రాసిన ‘ప్రాక్టికల్ ఇంగ్లిష్ యూసేజ్’ పక్కన పెట్టుకోండి. అది ఆక్స్‌ఫర్డ్ వాళ్లది, వరుసగా చదివే పుస్తకం కాదు, అనుమానం వచ్చినప్పుడు తీసి చూసుకునేది.

డబ్బు ఇబ్బందిగా ఉంటే చర్చ్ స్ట్రీట్‌లో, అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు చూడండి. పాత ఎడిషన్ దొరికినా ఫర్వాలేదు, ఇన్ఫినిటివ్ మారిపోలేదు. కానీ పాత కాపీ కొనేముందు రెండు చూసుకోండి. ఎక్సర్‌సైజుల్లో ఎవరో ముందే జవాబులు రాసేసి ఉన్నారేమో చూడండి, ఉంటే వదిలేయండి. వెనక ఆన్సర్ కీ ఉందో లేదో చూడండి, ఎందుకంటే జవాబులు లేని ఎడిషన్ కూడా ఒకటుంది. క్లాసులో టీచర్ ఉన్నవాళ్లకు అది సరిపోతుంది గానీ, పీజీ గదిలో ఒక్కరే కూర్చుని నేర్చుకునేవాళ్లకు ‘విత్ ఆన్సర్స్’ అని అట్ట మీద రాసి ఉన్నదే కావాలి.