మంట మన దగ్గర లేదు కదా, మరి అడవి ఎందుకు మూశారు?

నమస్తే అండీ. ప్రతి ఏడాది ఆగస్టు చివరికి మా బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డే సెలవు కదా. "లేబర్ డే వీకెండ్‌కి ఆరు నెలల ముందు బుక్ చేసుకున్న క్యాంప్‌సైట్ క్యాన్సిల్ చేశారు. మంట ఎక్కడో రెండొందల మైళ్ల అవతల ఉంది. ఇక్కడేమో ఆకాశం నీలంగా ఉంది. ఈ ఫారెస్ట్ వాళ్లది మరీ అతి జాగ్రత్త!" ఆ "అతి జాగ్రత్త" అనే మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ వీడియో.

[తెర మీద: కాలిఫోర్నియా నేషనల్ ఫారెస్టుల మ్యాప్]

2021 ఆగస్టు 31 అర్ధరాత్రి నుంచి కాలిఫోర్నియాలోని నేషనల్ ఫారెస్టులను దాదాపు అన్నింటినీ మూసేశారు. రెండు కోట్ల ఎకరాల లెక్క అది. అంటే మన తెలంగాణలో ముప్పాతిక వంతు! రెండు వారాల పాటు ట్రెక్కింగ్ లేదు, క్యాంపింగ్ లేదు, వేట లేదు. అంతకుముందు 2020 సెప్టెంబర్‌లో కూడా మొత్తం 18 ఫారెస్టులకూ తాళం వేశారు. మరి ఆ రెండు కోట్ల ఎకరాలూ తగలబడుతున్నాయా? లేదు. చాలా చోట్ల నిప్పన్నదే లేదు. ఇక్కడే మనవాళ్లు బోల్తా పడతారు.

కట్టెల పొయ్యి ఎప్పుడైనా రాజేశారా? రాజేసి ఉంటే సగం విషయం మీకు తెలిసిపోయినట్టే. ముందు కొబ్బరి పీచు, దాని మీద చితుకులు, తర్వాత కట్టెలు, ఆఖరికి మొద్దు. మొద్దుకి నేరుగా అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుంది? పుల్ల ఆరిపోతుంది, మొద్దు అలాగే ఉంటుంది.

ఇక్కడి ఫైర్ వాళ్లు కూడా అడవిని సరిగ్గా ఇలాగే చూస్తారు. ఎండు గడ్డి "గంట ఇంధనం". సన్న పుల్లలు "పది గంటలు". కాస్త లావు కొమ్మలు "వంద గంటలు". మూడు నుంచి ఎనిమిది అంగుళాల లావున్న మొద్దులు "వెయ్యి గంటలు". గాలిలో తేమ మారితే ఆ మార్పు కట్టెలోకి ఎక్కడానికి పట్టే సమయం అది. గడ్డి పొద్దున తడిగా ఉండి మధ్యాహ్నానికి ఎండిపోతుంది. మొద్దుకి వెయ్యి గంటలు, అంటే నలభై రోజుల పైమాటే. అందుకే "నిన్న రెండు చినుకులు పడ్డాయిగా, ఇంకా ఫైర్ బ్యాన్ ఏంటి?" అని అడిగే వాళ్లకి నా జవాబు ఒక్కటే: ఆ చినుకులు పీచుకి తగిలాయి బాబూ, మొద్దు దాకా పోలేదు.

కరువు ఏడాదిలో జరిగేది ఇదే. సియెర్రా కొండల మీద మంచు తక్కువ పడుతుంది, పడింది కూడా తొందరగా కరిగిపోతుంది. జూన్ దాకా తడిగా ఉండాల్సిన మొద్దు వసంతంలోనే ఎండడం మొదలుపెడుతుంది. ఇక్కడ వేసవిలో వానలు ఎలాగూ ఉండవు. మామూలు ఏడాదిలో మంట గడ్డి మీద పాకి, రాత్రి చల్లబడగానే కాస్త పడుకుంటుంది. కరువు ఏడాదిలో మొద్దులే రగులుకుంటాయి కాబట్టి రాత్రి కూడా పడుకోదు. దానికి తోడు లోతట్టు నుంచి సముద్రం వైపు వీచే పొడిగాలి వస్తే, ఇక ఊదుగొట్టం పట్టుకుని ఎవరో కూర్చున్నట్టే.

సరే, పొయ్యి సిద్ధంగా ఉంది. పక్కన మనిషి ఉన్నాడా? అసలు ప్రశ్న ఇది. ఐడాహోలోని బాయిసీలో దేశం మొత్తానికి ఫైర్ సిబ్బందిని సర్దే కేంద్రం ఉంది. వాళ్లు పరిస్థితికి ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేస్తారు. ఐదు అంటే ఉన్న మనుషులు, విమానాలు దాదాపు అన్నీ ఎక్కడో ఒక చోట పనిలో ఉన్నాయని. 2021లో జులై 14కే ఐదుకి చేరింది. అంటే మీ క్యాంప్‌సైట్ పక్కన కొత్తగా నిప్పురవ్వ పడితే, చిన్నగా ఉన్నప్పుడే తొక్కి ఆర్పేసే మనిషి ఆ రెండొందల మైళ్ల అవతల మంట దగ్గర ఉన్నాడు. మీ ఆకాశం నీలంగా ఉండడం ఇక్కడ లెక్కలోకే రాదు.

ఇంకా అతి జాగ్రత్తే అనిపిస్తుంటే 2020 సెప్టెంబర్ 5 గుర్తు చేస్తాను.

[తెర మీద: మ్యామత్ పూల్ రిజర్వాయర్, ఒకే ఒక్క రోడ్డు]

లేబర్ డే వీకెండ్ శనివారం. క్రీక్ ఫైర్ అని పేరు పెట్టిన మంట అంతకుముందు సాయంత్రమే మొదలైంది. మ్యామత్ పూల్ దగ్గర క్యాంపు వేసుకున్న వాళ్లకి బయటికి వచ్చే దారి మంటతో మూసుకుపోయింది. నేషనల్ గార్డ్ (సైన్యంలో రిజర్వు దళం) పైలట్లు షినూక్, బ్లాక్ హాక్ హెలికాప్టర్లతో రాత్రిపూట ఆ పొగలో దిగి రెండొందల మందికి పైగా జనాన్ని మోసుకొచ్చారు. కాలిన గాయాలైన వాళ్లూ ఉన్నారు అందులో. అప్పటికి ఆ అడవి మూసి లేదు మరి.

ఇక నిప్పు పెట్టేది ఎవరంటారా? అమెరికాలో అడవి మంటల్లో దాదాపు 85 శాతం మనుషుల వల్లే. ట్రైలర్ గొలుసు రోడ్డుకి రాసుకున్నా చాలు, ఎండు గడ్డి మీద వేడి కారు నిలిపినా చాలు. 2013లో యోసెమిటీ నేషనల్ పార్కు పక్కన మొదలై రెండున్నర లక్షల ఎకరాలు దాటిన రిమ్ ఫైర్, ఒక వేటగాడు వేసుకున్న మంట నుంచి వచ్చిందని దర్యాప్తు చేసిన వాళ్లు చెప్పారు. కేసు పెట్టారు కానీ, ఇద్దరు సాక్షులు చనిపోవడంతో తర్వాత ఉపసంహరించుకున్నారు.

వేటగాళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పెరిగిన మనకి వేట అంటే నేరమే. ఇక్కడ లైసెన్సు, ట్యాగు (ఒక జంతువుని వేటాడేందుకు ఇచ్చే చీటీ), జోను, తేదీలు అన్నీ లెక్కగా ఉంటాయి. ఈశాన్య కాలిఫోర్నియాలోని ఎక్స్ జోన్లలో జింక ట్యాగు కోసం లాటరీలో రాని ప్రతిసారీ ఇచ్చే పాయింట్లు ఏళ్ల తరబడి పోగేసి గెలవాలి. ఆ ట్యాగు ఆ జోన్‌కే, ఆ తేదీలకే. సరిగ్గా అప్పుడే అడవి మూసేస్తే? క్యాంప్‌సైట్ డబ్బులు వెనక్కి రాలేదని ఏడ్చే మనం వీళ్ల బాధ ఒకసారి ఊహించుకోవాలి. నేను వేటాడను, వేట నాకు నచ్చదు కూడా. అయినా ఈ విషయంలో నా సానుభూతి వాళ్లకే.

కానీ వాళ్లలోనూ ఒక అపోహ ఉంది: మంట వస్తే జింకలన్నీ చచ్చిపోతాయని. 2018లో మెండోసినో కాంప్లెక్స్ మంటలు హాప్‌లాండ్‌లోని యూనివర్సిటీ పరిశోధనా కేంద్రంలో సగానికి పైగా కాల్చేశాయి. అక్కడ జింకలకి అప్పటికే జీపీఎస్ కాలర్లు ఉన్నాయి. చూస్తే ఆ జింకలన్నీ బతికే ఉన్నాయి. పైగా చెట్లు ఇంకా పొగలు కక్కుతుండగానే చాలావరకు కొన్ని గంటల్లోనే తమ చోటికి తిరిగొచ్చాయి! మేత లేక చిక్కిపోయాయి, అది వేరే సంగతి.

మళ్లీ పొయ్యి దగ్గరికి వద్దాం. పీచు, చితుకులు మాత్రమే కాలిన చోట బూడిద ఎరువవుతుంది. రెండు మూడేళ్లలో లేత చిగుళ్లు వస్తాయి, జింకలు ఎగబడతాయి. తెలివైన వేటగాళ్లు పాత మంటల మ్యాపులు చూసుకుని వెళ్లేది అందుకే. మొద్దులు రోజుల తరబడి రగిలిన చోట మాత్రం నేల మాడిపోతుంది, విత్తనాలతో సహా. ఎడారి అంచుల్లో ఆ ఖాళీలోకి చీట్‌గ్రాస్ అనే పరాయి గడ్డి దూరుతుంది. అది తొందరగా ఎండి మళ్లీ పీచు అవుతుంది. ఆ పైన మళ్లీ మంట.

నన్నడిగితే జింకలకి మంట కన్నా కరువే పెద్ద శత్రువు. తల్లికి మేత లేకపోతే పాలుండవు, పిల్లలు బతకవు. నీటి గుంటలు ఎండిపోయి అన్నీ ఒకే బురద చుట్టూ చేరితే, అక్కడ కుట్టే చిన్న పురుగుల వల్ల రోగాలు. ఎడారి వైపు వాన నీళ్లు పట్టి ఉంచే గజ్లర్లు అనే తొట్లు ఉంటాయి. కరువులో వాటికి ట్యాంకర్లతో నీళ్లు మోసే వాలంటీర్లలో చాలామంది వేటగాళ్లే. ఇది మన గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

చేపలు: నీళ్లు వెచ్చబడితే ఆక్సిజన్ తగ్గుతుంది, పట్టి వదిలేసినా ట్రౌట్ అనే చల్లనీటి చేప బతకడం కష్టం. మోంటానా రాష్ట్రంలో అందుకే వేడి ఎక్కువైనప్పుడు మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా కొన్ని నదుల్లో గాలం వేయనివ్వరు. పడవలు: 2021లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ సరస్సు ఎంత దిగిపోయిందంటే బోట్ ర్యాంపులు గాల్లో మిగిలాయి, హౌస్‌బోట్లు ఒడ్డుకి లాగేశారు, ఆగస్టు 5న కరెంటు ఉత్పత్తి కూడా ఆపేశారు. పొగ: మంట దగ్గర లేకపోయినా కొండ ఎక్కే రోజు ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) చూడండి, పిల్లలుంటే మరీను. మంట ఆరిపోయాక: వేర్లు కాలిపోయిన చెట్లు గాలి లేకుండానే కూలతాయి, వాన పడితే కొండచరియలు జారతాయి, అందుకే ఏడాది తర్వాత కూడా ట్రెయిల్ మూసి ఉండొచ్చు.

చివరిగా, వెళ్లే ముందు ఆ ఫారెస్ట్ సైట్‌లో రెండు వేర్వేరు ఆర్డర్లు చూడాలి. క్లోజర్ ఆర్డర్ అంటే అడుగే పెట్టకూడదు. ఫైర్ రిస్ట్రిక్షన్స్ అంటే వెళ్లొచ్చు కానీ నిప్పుకి నియమాలుంటాయి. కట్టెల మంట వద్దని, మీట నొక్కితే ఆరిపోయే గ్యాస్ స్టవ్ పర్వాలేదని చాలాసార్లు ఉంటుంది. ఆ స్టవ్‌కి కూడా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లో ఉచితమే. ప్రింట్ తీసి కారులో పెట్టుకోండి, పైన సిగ్నల్ ఉండదు.