మందులు ఆపే రోజు దాకా

సభలోని పెద్దలకు, రక్తదానం కోసం వచ్చిన కాలేజీ పిల్లలకు, ఆసుపత్రి ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని వెనక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం.

"మీ అమ్మాయి బ్లడ్ క్యాన్సర్ నుంచి ఎలా కోలుకుందో చెప్పండి మేడమ్" అని నన్ను పిలిచారు. చెబుతాను. అయితే కోలుకున్నట్టు కనిపించిన తర్వాత ఉండే రెండేళ్ళ గురించి ఎక్కువ చెబుతాను. మా అమ్మాయికి వచ్చిన రకం బ్లడ్ క్యాన్సర్ పిల్లల్లో నయమవుతుందని ఇప్పుడు చాలామందికి తెలుసు. మంచి వసతులున్న దేశాల్లో ఇది వచ్చిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. కానీ వైద్యం పూర్తి కావడానికి రెండు నుంచి మూడేళ్ళు పడుతుందని, అందులో ఎక్కువ కాలం బిడ్డ ఆడుతూ పాడుతూ మామూలుగానే కనిపిస్తుందని, సరిగ్గా అప్పుడే కొన్ని కుటుంబాలు మందులు ఆపేస్తాయని తెలిసినవాళ్ళు తక్కువ.

మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. వానాకాలం. జ్వరం వస్తోంది, పోతోంది. మొహం పాలిపోయింది. రాత్రిళ్ళు కాళ్ళు నొప్పులని ఏడ్చేది. నడవనని, ఎత్తుకోమని మొండికేసేది. పిక్కల మీద నీలం మచ్చలు కనిపిస్తే అన్నతో ఆడుతూ పడి ఉంటుందనుకున్నాం. ఆ నెలలో మా ఊళ్ళో ఇంటింటా డెంగీ. పరీక్షలో ప్లేట్‌లెట్లు తక్కువ అనగానే ఇంట్లో అందరం డెంగీ అనే అనుకున్నాం. ల్యాబ్‌లో పనిచేసే ఆయన మాత్రం రిపోర్టు ఇవ్వకుండా స్లైడు మళ్ళీ చూసుకుని బయటికొచ్చాడు. "డెంగీలో మామూలుగా తెల్లకణాలు తగ్గుతాయమ్మా. పాపకి విపరీతంగా పెరిగాయి. కణాలు కూడా మామూలుగా లేవు. ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాడు. ఈ జబ్బులో ఒక్కోసారి తెల్లకణాలు తగ్గి కూడా ఉంటాయట. అందుకే అంకెలతో పాటు స్లైడు చూసే మనిషి కావాలి. ఆయనకు మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది.

ఇక్కడున్న ఆర్‌ఎంపీలకు, మందుల షాపుల వాళ్ళకు చేతులెత్తి ఒక మాట చెబుతున్నాను. కారణం తెలియని జ్వరానికి, కీళ్ళ నొప్పికి రక్తపరీక్ష చేయించకుండా స్టెరాయిడ్ ఇవ్వకండి. స్టెరాయిడ్ ఈ క్యాన్సర్‌కి కూడా మందే. నాలుగు రోజులు వేస్తే జ్వరం, నొప్పి తగ్గి బిడ్డ లేచి కూర్చుంటుంది. జబ్బు లోపల దాక్కుంటుంది. తర్వాత చేసే పరీక్షల్లో సరిగ్గా దొరకదు.

ఆ రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్ళాం. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి పరీక్ష చేశారు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు, అంటే బ్లడ్ క్యాన్సర్‌లో ఒక రకం. పిల్లలకు వచ్చే క్యాన్సర్లన్నిటిలోకీ ఎక్కువగా వచ్చేది ఇదేనట. రెండు నుంచి ఐదేళ్ళ వయసు వాళ్ళలో మరీ ఎక్కువట. మాది మేనరికం. నేను అడగకముందే డాక్టరమ్మ నా మొహం చూసి, "మేనరికం వల్ల కాదు, మీరు పెట్టిన తిండి వల్ల కాదు. మీరు చేసిన దేనివల్లా ఇది రాలేదు" అంది. ఆ మాటని నేను చాలాసార్లు తల్చుకున్నాను. ఎందుకంటే ఊళ్ళో అప్పటికే ఎవరి దోషమో లెక్కలు మొదలయ్యాయి. నాగదోషమని ఒకరు, దిష్టి అని ఇంకొకరు. కొందరైతే మా అత్తగారితో "ఆడపిల్లే కదా, ఉన్న చెరువులు కూడా అమ్ముకుంటారా" అన్నారు. మన దేశంలో క్యాన్సర్ వైద్యానికి వచ్చే పిల్లల్లో మగపిల్లలే ఎక్కువగా కనిపించడానికి జబ్బు ఒక్కటే కారణం కాదని పిల్లల క్యాన్సర్ డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ లెక్క వెనక ఇలాంటి మాటలు ఉంటాయి. మా అత్తగారు పెద్దగా చదువుకోలేదు. ఆ మాట అన్నవాళ్ళకి కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేసింది.

మొదటి నెల వైద్యాన్ని ఇండక్షన్ అంటారు. స్టెరాయిడ్ మాత్రలు, వారానికోసారి విన్‌క్రిస్టిన్, ఎర్ర మందు అని పిల్లలు పిలిచే డానోరూబిసిన్, ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్లు, వెన్నులో సూది. వెన్నులో ఎందుకంటే, నరానికి ఎక్కించే మందుల్లో చాలావరకు మెదడులోకి సరిగ్గా వెళ్ళవు. జబ్బు కణాలు అక్కడ దాక్కుని మళ్ళీ వస్తాయి. 1960ల్లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ అనే డాక్టరు, ఆయన బృందం పట్టుబట్టి మెదడు, వెన్ను వైపు కూడా వైద్యం చేయబట్టే, 1970ల మొదట్లో సగం మంది పిల్లలు బతికే దశ వచ్చింది. అంతకు ముందు ఈ జబ్బుకి పూర్తి నయం అనే మాటే దాదాపు లేదు.

స్టెరాయిడ్‌తో పాప మొహం గుండ్రంగా ఉబ్బింది. అర్ధరాత్రి లేచి అన్నం పెట్టమనేది. నోరు పూసి మింగలేని రోజుల్లో కూడా ఆవకాయ కావాలని ఏడ్చేది. మాకు పచ్చళ్ళు వద్దన్నారు. అప్పటికప్పుడు వండింది, కాచి చల్లార్చిన నీళ్ళు, తొక్క తీసే పండ్లు మాత్రమే. తెల్లకణాల కౌంట్స్ పడిపోయినప్పుడు మామూలు సూక్ష్మజీవి కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఒంటి వేడి 100.4 దాటితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి బయల్దేరాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. మన పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది. చుట్టుపక్కల ఎవరికైనా అమ్మవారు పోస్తే ఇంట్లో గుట్టుగా ఉంచుతారు, బయటికి చెప్పరు. కీమోలో ఉన్న బిడ్డకి ఆటలమ్మ చాలా ప్రమాదం. పక్కింట్లో ఉందని వెంటనే తెలిస్తే డాక్టర్లు ముందుగానే మందు ఇవ్వగలరు. మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి నేనే బతిమాలుకున్నాను, దయచేసి నాకు మాత్రం చెప్పండి అని.

జుట్టు రాలిపోయింది. రైల్లో ఎవరైనా "ఏమ్మా, తిరుపతి వెళ్ళొచ్చావా?" అని పలకరించేవాళ్ళు. అది తల ఊపేది. మాస్కు ఎందుకని అడిగితే మాత్రం నా కొంగులో మొహం దాచుకునేది.

ఈ ఊళ్ళో నిలబడి ఒక పేరు తలుచుకోకుండా ఉండలేను. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో ఇక్కడే, భీమవరంలో పుట్టారు. తర్వాత అమెరికా వెళ్ళారు. లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. రక్తకణాలు పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అది లుకేమియా పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా రెచ్చిపోయినట్టు అనిపించింది. అయితే దాన్ని అడ్డుకునే మందు ఇస్తే? సుబ్బారావు గారి బృందం అలాంటి మందులు చేసి పంపింది. అందులో అమినోప్టెరిన్ ఒకటి. 1948లో ఫార్బర్ ప్రచురించిన ఫలితాల్లో పదహారుమంది పిల్లల్లో పదిమంది తేరుకున్నారు. అది కొన్ని వారాలో, నెలలో. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టింది. అయినా ఈ జబ్బు మందుకు లొంగుతుందని లోకానికి మొదటిసారి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ మందుకి తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌నే మా అమ్మాయికి వెన్నులో ఇచ్చారు, మాత్రగా ఇచ్చారు. ఇవాళ్టికీ ప్రపంచంలో ఈ జబ్బున్న పిల్లలకు ఇస్తున్నారు. ఆ సంగతి ఆసుపత్రిలో మొదటిసారి విన్నప్పుడు మా ఆయన లేచి నిలబడ్డాడు.

విన్‌క్రిస్టిన్ వచ్చేది బిళ్ళగన్నేరు నుంచి. అవును, మన పెరట్లో ఉండే బిళ్ళగన్నేరే. ఇది విన్న చుట్టాలు ఆకు రసం తాగించమన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఆ మొక్క విషం. బోలెడంత ఆకు నుంచి రవ్వంత మందు తీసి, శుద్ధి చేసి, బిడ్డ కొలతను బట్టి మిల్లీగ్రాముల లెక్కన ఎక్కిస్తారు. అంత కొలిచి ఇచ్చినా మా పాపకి కొన్నాళ్ళు పాదాలు పైకి లేవక ఈడ్చుకుంటూ నడిచింది.

నెల చివర మళ్ళీ మజ్జ పరీక్ష. జబ్బు కణాలు కనిపించడం లేదన్నారు. రెమిషన్. ఆ రోజు వార్డులో స్వీట్లు పంచాం. మా పక్క మంచం బాబుకి కూడా అదే రోజు అదే మాట చెప్పారు. వాళ్ళ నాన్న కూలి పని చేసేవాడు. ఇద్దరు పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి, భార్యాభర్తలు ఆసుపత్రి దగ్గరే పేవ్‌మెంట్ మీద పడుకునేవాళ్ళు. బాబు లేచి పరిగెత్తడం మొదలుపెట్టాక ఒకసారి ఊరెళ్ళారు. తర్వాత రాలేదు. ఆరోగ్యశ్రీ కీమో ఖర్చు చాలావరకు భరించింది, మాకూ అదే భరించింది. కానీ ఛార్జీలకు, గది అద్దెకు, పోయిన కూలికి ఏ కార్డూ లేదు. వాళ్ళు మళ్ళీ వచ్చేసరికి జబ్బు తిరగబెట్టింది. ఈసారి మందులకు లొంగలేదు. ఆ తల్లిదండ్రులకు బిడ్డ మీద ప్రేమ తక్కువై ఆగిపోయారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కళ్ళెదుట ఆడుకుంటున్న బిడ్డకి, వాంతులు తెప్పించే మందు కోసం, లేని డబ్బు పెట్టి రైలెక్కించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

అందుకే ఈ లెక్క ప్రతి ఇంటికీ తెలియాలి. జబ్బు బయటపడేనాటికి బిడ్డ ఒంట్లో లక్ష కోట్ల దాకా క్యాన్సర్ కణాలు ఉంటాయని డాక్టర్లు చెబుతారు. మొదటి నెల తర్వాత మైక్రోస్కోపులో ఏమీ కనిపించనప్పుడు కూడా కొన్ని వందల కోట్ల కణాలు మిగిలి ఉండొచ్చు. మిగతా రెండేళ్ళ వైద్యం వాటి కోసమే. "పాప బాగానే ఉంది కదా, ఇంకా ఆ విషం ఎందుకు" అని అడిగిన వాళ్ళకి మా ఆయన ఒకటే చెప్పేవాడు: కలుపు పైకి పీకేశాం బావా, విత్తు ఇంకా మట్టిలో ఉంది.

చివరి ఏడాదిన్నర పైగా ఉండే దశని మెయింటెనెన్స్ అంటారు. పేరు వింటే తేలిక అనిపిస్తుంది. రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికి ఒక్కరోజు మాత్రం మెథోట్రెక్సేట్. ఈ రెండోది పొరపాటున రోజూ వేస్తే ప్రాణాంతకం. మేము క్యాలెండర్‌లో గురువారాలన్నిటికీ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి, మాత్ర వేయగానే కొట్టేసేవాళ్ళం. ఊళ్ళో పెళ్ళైనా, పండగైనా మాత్ర తప్పలేదు. రక్తహీనతని ఎవరో ఇచ్చిన టానిక్ పక్కన పెట్టేశాం. అందులో ఫోలిక్ యాసిడ్ ఉంటే మందు పనికే అడ్డం.

ఈ కాలమంతా ఎక్కువ నలిగింది మా అబ్బాయి. వాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మమ్మ దగ్గర వదిలాం. స్కూల్లో ఎవడో "మీ చెల్లి చచ్చిపోతుందంట" అన్నాడు. వాడు ఎవరికీ చెప్పలేదు. అన్నం తినడం మానేశాడు. మజ్జ మార్పిడి చేస్తారని ఎక్కడో విని, తన మజ్జ తీసేసుకుంటారేమో, తీసుకుంటే చెల్లి బతుకుతుందేమో అని భయం, ఆశ రెండూ ఒకేసారి పెట్టుకున్నాడు. ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి మజ్జ మార్పిడి అవసరం ఉండదు. ఆ ముక్క వాడికి చెప్పింది మా డాక్టరమ్మ. వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, బొమ్మలు గీసి, ఏం జరుగుతోందో అంతా చెప్పింది. పిల్లలకి చెప్పకుండా దాస్తే వాళ్ళు అంతకంటే భయంకరమైనది ఊహించుకుంటారు. ఇంట్లో రెండో బిడ్డ ఉంటే వాళ్ళతో కూడా మాట్లాడండి.

మెయింటెనెన్స్‌లో ఉండగానే పాపని బడిలో వేశాం. నేను టీచర్నే. అయినా ఒక తల్లి వచ్చి "మా పిల్లకి అంటుకుంటే?" అని అడిగింది. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. భయమంతా మా పాపకి, వాళ్ళ జలుబు అంటుకుంటుందని. ఆ తల్లితో అదే చెబితే, మర్నాటి నుంచి వాళ్ళమ్మాయికి తుమ్ము వచ్చినా నాకు ఫోన్ చేసేది.

మందులు ఆపిన రోజు నేను సంబరపడతానని అనుకున్నాను. భయం వేసింది. ఇన్నాళ్ళూ కాపలా కాసిన మాత్ర ఇక లేదు. తర్వాత రెండేళ్ళు ప్రతి జ్వరానికీ టెన్షన్. ఆ తర్వాత నెమ్మదిగా నిద్ర పట్టింది. టీకాల గురించి డాక్టర్లని అడిగి మళ్ళీ వేయించాం. ఎర్ర మందు వల్ల గుండె మీద ప్రభావం ఉందేమోనని ఎకో పరీక్ష ఇప్పటికీ చేయిస్తున్నాం. పాపకిప్పుడు ఇంటర్ రెండో ఏడాది. ఈ సంగతి బయట చెబితే రేపు పెళ్ళి కాదని ఇంకా హెచ్చరించేవాళ్ళు ఉన్నారు. దాన్నే అడిగాను. "నా పేరు చెప్పకు, మిగతాదంతా చెప్పు" అంది.

ఇక కాలేజీ పిల్లలకి. ప్లేట్‌లెట్లని తీసిన తర్వాత ఐదు రోజులకు మించి నిల్వ ఉంచలేరు. కాబట్టి ఎప్పటికప్పుడు ఇచ్చే మనిషి కావాలి. మా పాపకి ఇచ్చిన కుర్రాళ్ళలో చాలామంది పేర్లు కూడా నాకు తెలియవు. మెషీన్ మీద ఒక్కరి నుంచే తీసే ప్లేట్‌లెట్లకి గంట, గంటన్నర పడుతుంది. 18 ఏళ్ళు నిండి, 50 కిలోల బరువుండాలి. ఆస్ప్రిన్ లాంటి మాత్రలు మూడు రోజులుగా వేసుకుని ఉండకూడదు. తలుపు పక్క బల్ల దగ్గర పేరు, గ్రూపు, ఫోన్ నంబరు రాయించండి. ఎక్కడికి పిలుస్తారో వాళ్ళు చెబుతారు.

వైద్యంలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు భోజనాల తర్వాత ఉండండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళాలన్నా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళాలన్నా, ఏ కాగితాలు కావాలో, పిల్లలతో ఎక్కడ ఉండొచ్చో కూర్చుని మాట్లాడుకుందాం. ఈ నెల ఛార్జీలకు లేక ఆగిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే మాత్రం భోజనాల దాకా ఆగొద్దు. నేను వేదిక దిగగానే నా దగ్గరికి రండి.