అమ్మానాన్నలకు రిహాబ్ సెంటర్ చూసేటప్పుడు

శ్రోతలందరికీ నమస్కారం. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో తరచూ వినిపించే కష్టం ఇది. నాన్న జారిపడి తుంటి ఎముక విరుగుతుంది, లేదా అమ్మకు పక్షవాతం వస్తుంది. కాస్త తేరుకున్నారో లేదో, హాస్పిటల్‌లో డిశ్చార్జ్ ఏర్పాట్లు చూసే కేస్ మేనేజర్ వచ్చి, "రేపు డిశ్చార్జ్. ఈ లిస్టులో ఒక స్కిల్డ్ నర్సింగ్ సెంటర్ ఎంచుకోండి" అంటూ కాగితం చేతిలో పెడతారు. హాస్పిటల్ తర్వాత కొన్నాళ్ళు నర్సులు, థెరపిస్టుల సంరక్షణలో కోలుకునే చోటు అది, మనం రిహాబ్ సెంటర్ అనేది దాన్నే. ఆ టెన్షన్‌లో చాలామంది ఇంటికి దగ్గరున్నదో, హాలు అందంగా ఉన్నదో చూసి సరే అనేస్తారు. నా మాట వింటే హాలు చూడకండి. సాయంత్రం ఏడు దాటాక, వీలైతే ఆదివారం వెళ్ళండి.

ఆ వేళ ఆఫీసు వాళ్ళు ఉండరు, సిబ్బంది కూడా పల్చబడతారు. కారిడార్‌లో నిలబడి గదుల తలుపుల పైన దీపాలు చూడండి. లోపలివాళ్ళు బెల్ నొక్కితే ఆ దీపం వెలుగుతుంది. అది ఎంతసేపటికి ఆరుతుందో గమనించండి. బాత్రూమ్‌కి తీసుకెళ్ళమని బెల్ కొట్టి కొట్టి, ఎవరూ రాక, తామే లేవబోయి పడిపోయే పెద్దవాళ్ళుంటారు. ఆపరేషన్ అయిన తుంటితో మళ్ళీ పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? మా నాన్నగారి కోసం వెతుకుతూ ఒకచోటికి వెళ్ళాను. ఒక గదిలో పెద్దావిడ పడుకుని ఉన్నారు. జగ్గు నిండా నీళ్ళున్నాయి, కానీ ఆవిడ చెయ్యి అందనంత దూరంలో. భోజనం ట్రే మూత కూడా తీయలేదు. ఇంకేమీ అడగబుద్ధి కాలేదు, వచ్చేశాను.

మెడికేర్ అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్ళకు అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. దాని వెబ్‌సైట్‌లో 'కేర్ కంపేర్' అని ఉంది. ప్రతి సెంటర్‌కూ ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు ఇస్తారు. మొత్తం రేటింగ్ చూసి ఆగిపోకండి, అందులో మూడు భాగాలుంటాయి. నాణ్యత కొలతలు అనే భాగంలో చాలా వివరాలు సెంటర్ వాళ్ళు తామే పంపేవి. తనిఖీ నివేదిక అలా కాదు, ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా వచ్చి చూసి రాస్తారు. సిబ్బంది లెక్కలు జీతాల రికార్డుల నుంచి వస్తాయి. శని, ఆదివారాల్లో నర్సులు ఎంతమంది, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయేవాళ్ళు ఎంతమంది అన్నదీ అక్కడే తెలుస్తుంది. నేను నమ్మేది ఈ రెండు భాగాలనే.

మనవాళ్ళకు తిండి, భాష ఇంకో పెద్ద సమస్య. "వెజిటేరియన్ ఉందా?" అంటే ఉందనే అంటారు, తీరా చూస్తే సలాడ్, చీజ్ శాండ్‌విచ్. ఇంటి నుంచి పప్పన్నం తేవచ్చా, ఎవరు వేడిచేసి పెడతారు అని అడగండి. పక్షవాతం వచ్చినవాళ్ళకు మింగడం కష్టం కావచ్చు, కాబట్టి మింగడాన్ని కూడా పరీక్షించే స్పీచ్ థెరపిస్ట్‌ని అడగనిదే ఏదీ నోట్లో పెట్టకండి. ఇంగ్లీషు రాని అమ్మకు నొప్పి ఎక్కడుందో చెప్పుకోవడానికి ఫోన్‌లోనైనా ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అది వాళ్ళు చేసే మేలు కాదు, మన హక్కు.

ఇక డబ్బు సంగతి. మామూలు మెడికేర్‌లో, హాస్పిటల్‌లో వరసగా 3 రోజులు ఇన్‌పేషెంట్‌గా, అంటే అధికారికంగా చేర్చుకున్నాక, ఉంటేనే ఈ సెంటర్ ఖర్చు మెడికేర్ భరిస్తుంది. 'అబ్జర్వేషన్' అని, అంటే చేర్చుకోకుండా గమనించడానికి ఉంచినట్టు, రాసుకున్న రోజులు లెక్కలోకి రావు, అందుకే హాస్పిటల్‌లో ఉండగానే అడిగి తెలుసుకోవాలి. మొదటి 20 రోజులకు మీ వాటా ఏమీ ఉండదు. 21 నుంచి 100వ రోజు దాకా రోజుకు 200 డాలర్ల పైనే పడుతుంది, ఆ తర్వాత అంతా మీదే. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ అయితే నియమాలు వేరు. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డ్ మీద వచ్చి ఇక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులు, 65 నిండి, ఐదేళ్ళు ఇక్కడే ఉంటే, ప్రీమియం కట్టి మెడికేర్ తీసుకోవచ్చు.

కొన్ని రోజులయ్యాక "ఇక మెరుగుదల లేదు, మెడికేర్ ఆగిపోతుంది" అనవచ్చు. మెరుగుపడితేనే ఇస్తామనే షరతు లేదు. ఉన్న స్థితి దిగజారకుండా నిలబెట్టడానికి నిపుణుల సేవ అవసరమైనా చాలునని 2013లో కోర్టు ఆమోదించిన ఒప్పందంలో స్పష్టంగా ఉంది. ఆపే ముందు కనీసం రెండు రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. అందులో ఉన్న నంబరుకు, కవరేజ్ ఆగే ముందు రోజు మధ్యాహ్నం 12 లోపు ఫోన్ చేసి అప్పీల్ చేయండి. వేరే ఏ ఫిర్యాదైనా ఉంటే ఇలాంటి సెంటర్లలో ఉండేవాళ్ళ తరఫున ఫిర్యాదులు చూసే అంబుడ్స్‌మన్ ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నారు, పైసా తీసుకోరు. ఆ నంబరు సెంటర్‌లో అందరికీ కనిపించేలా పెట్టి ఉండాలి. చేర్చిన రోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.