అవ్వ కథ చదివి వినిపించే ఇంటికి ఏ ఈ-రీడర్? పేపర్‌వైట్, నోట్ ఎయిర్ 4సీ రెండూ వాడి చూశాం

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? కడప నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను.

మొదట ఒక విషయం చెప్పేస్తాను. ఈ బల్ల మీదున్న రెండు ఈ-రీడర్లూ, అంటే డిజిటల్ పుస్తకాలు చదువుకునే పరికరాలు, నేను కొన్నవి కావు. తెలిసిన షాపు వాళ్ళు రివ్యూ కోసం ఇచ్చారు, చూసి తిరిగి ఇచ్చేయాలి. డబ్బులేమీ తీసుకోలేదు. ఇలా చెప్పు, అలా చెప్పు అని వాళ్ళూ అనలేదు. ఇది కిండిల్ పేపర్‌వైట్, 2024లో వచ్చిన 7 అంగుళాలది. ఇది బూక్స్ నోట్ ఎయిర్ 4సీ, 10.3 అంగుళాలు, రంగుల స్క్రీను. ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత అన్నవి మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను వాటి జోలికి పోను. చిన్న పిల్లలున్న ఇంట్లో ఏది పనికొస్తుంది అన్నది మాత్రమే మాట్లాడతాను.

మా ఇంటి సంగతి మీకు తెలుసు కదా. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. రాత్రి అన్నాలయ్యాక మా అత్తమ్మ మంచం మీద కూర్చుంటారు, పిల్లలిద్దరూ చెరో పక్క చేరతారు, కథ మొదలవుతుంది. ఇప్పుడు చెప్పండి, ఈ ఇంట్లో రీడర్ చేతిలో పట్టుకునేది ఎవరు? అవ్వ. అక్షరాలు కనపడాల్సింది ఆమెకు. పిల్లలకు కావాల్సింది బొమ్మ. ‘పిల్లలకు ఏ రీడర్ కొనాలి’ అని వచ్చే వీడియోలన్నీ పిల్లాడు ఒంటరిగా మూలన కూర్చుని ఇంగ్లీషు నవల చదువుకుంటున్నట్టు మాట్లాడతాయి. అయిదేళ్ళ పిల్లలున్న ఇల్లు అలా ఉండదండీ. అక్కడ చదివేది పెద్దవాళ్ళు, వినేది పిల్లలు. నా రివ్యూ మొత్తం ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

ముందు అక్షరాల సైజు చూద్దాం. మన ప్రభుత్వ స్కూలు పుస్తకాల పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి కదా, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండేవి. అదొకటి రెండింట్లోనూ వేశాను. కెమెరా దగ్గరికి పెడుతున్నాను, చూడండి. ఇది పేపర్‌వైట్. స్క్రీను వెడల్పు దాదాపు 10.7 సెంటీమీటర్లు. ఏ4 కాగితం వెడల్పు 21. అంటే అంత పేజీ సగానికి కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం 6 పాయింట్లకు దిగిపోతుంది. ఇంగ్లీషు అక్షరమైతే ఆ సైజులో కూడా ఎలాగో చదివేయొచ్చు. మన తెలుగుకు కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి. ఇక్కడ ‘రాష్ట్రం’ అని ఉంది చూశారా? ష కింద ట ఒత్తు, దాని పక్కనే ర వత్తు. రెండూ కలిసిపోయి నల్లటి మచ్చలా కనిపిస్తున్నాయి. స్క్రీన్‌ది తప్పు కాదు. దీనిది 300 పీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, అచ్చు వేసినంత నున్నగా ఉంటుంది. అక్షరమే అంత చిన్నదైపోతే పీపీఐ ఏం చేస్తుంది?

జూమ్ చేసుకోవచ్చు కదా అంటారు. చేశాం. రెండు వేళ్ళతో లాగితే స్క్రీను ఒకసారి నల్లగా మిణుకుమంటుంది, పేజీ కాస్త ఆగి పెద్దదవుతుంది. లైను చివరి దాకా పోవాలంటే పక్కకు జరపాలి, మళ్ళీ వెనక్కి రావాలి. ఈలోపు బొమ్మ స్క్రీను దాటి పోయింది. మా బాబు ‘అవ్వా, కోతి ఏదీ? కోతి పోయింది’ అని మొదలుపెట్టాడు. కోతి కోసం ఆమె వెనక్కి జరిపితే అక్షరాలు పోయాయి. నాకు ఇక్కడే చిరాకు వచ్చేసింది. కథ వినిపించేటప్పుడు ఊపు ఉండాలి కదా. మాటమాటకూ ఆగిపోతే పిల్లలు లేచి వెళ్ళిపోతారు.

ఇప్పుడు నోట్ ఎయిర్ చూడండి. అదే పుస్తకం, అదే పేజీ. వెడల్పు దాదాపు 15.7 సెంటీమీటర్లు, అంటే అసలు పేజీలో ముప్పావు వంతు. ఇందులోనే ఉన్న చదివే యాప్‌లో చుట్టూ ఉన్న ఖాళీ మార్జిన్ కత్తిరించేయొచ్చు. అది కత్తిరిస్తే పేజీ పుస్తకమంత సైజుకు వచ్చేసింది. అత్తమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కసారి చూసి, ఏం మాట్లాడకుండా చదవడం మొదలుపెట్టారు. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

అందరూ ‘కిండిల్ కొనండి’ అనేస్తారు కాబట్టి ఈ విషయం కూడా చెప్పాలి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి భారతీయ భాషల పుస్తకాలు తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఐదు భాషలు. అందులో తెలుగు లేదు. ఆ జాబితాలో పక్క రాష్ట్రం పిల్లాడి భాష ఉంది, మన పిల్లల భాష లేదు. బ్రౌన్ దొర తెలుగు తాళపత్రాలు పోగుచేసి, పండితులను పెట్టి రాయించిన ఊరు మాది. ఆయన పేరుతో ఎర్రముక్కపల్లెలో గ్రంథాలయమే ఉంది. ఆ ఊళ్ళో కూర్చుని నాకిది బాధగానే ఉంటుంది, దాచుకోను. మీరు కొనే ముందు ఒక పని చేయండి. మీ పిల్లలకు ఏ తెలుగు పుస్తకాలు చదివి వినిపించాలనుకుంటున్నారో వాటి పేర్లు కిండిల్ స్టోర్‌లో వెతకండి. దొరికాయా, సంతోషం. దొరకకపోతే మీ దారి పీడీఎఫ్ దారే. పీడీఎఫ్ దారి అంటే పెద్ద స్క్రీన్ దారి.

మంచి పీడీఎఫ్‌లు ఎక్కడ అంటారా? ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది. 2015లో మొదలైంది. తెలుగులో బోలెడు బొమ్మల కథలు, అన్నీ ఉచితం, దించుకోవచ్చు. ఒకటి నుంచి నాలుగు వరకు లెవెల్స్ ఉంటాయి. ఒకటో లెవెల్ పుస్తకాల్లో పేజీకి ఒకటి రెండు లైన్లే, అక్షరాలు పెద్దవి. అవి పేపర్‌వైట్‌లో కూడా బాగానే కనిపిస్తాయి, అన్యాయం మాట్లాడకూడదు. మూడు, నాలుగు లెవెల్స్‌కు పోయేసరికి మాటలు ఎక్కువ, అక్షరాలు చిన్నవి. అక్కడ మళ్ళీ అదే తిప్పలు.

ఆ ఒకటో లెవెల్‌లోనే ఇంకో చిక్కు ఉంది. రంగులు. మా బాబు చేతిలో ఒక కూరగాయల కథ పెట్టాను. ఎర్ర టమోటా ఏది, పచ్చ టమోటా ఏది అని కథలో అడుగుతుంది. పేపర్‌వైట్‌లో రెండూ బూడిద రంగే. వాడు వేలు పెట్టి రెండింటినీ మార్చి మార్చి చూశాడు, చివరికి ‘రెండూ చెడిపోయినాయ్’ అన్నాడు. నోట్ ఎయిర్‌లో అదే పేజీ తెరిస్తే టక్కున చూపించాడు. రంగులంటే ఫోన్‌లో ఉన్నట్టు మెరిసిపోతాయని అనుకోకండి. ఇది కాలిడో 3 అనే రకం రంగుల స్క్రీను. నలుపు తెలుపులు 300 పీపీఐ, రంగులు 150 పీపీఐ మాత్రమే. నలుపు తెలుపు స్క్రీను మీదే రంగుల ఫిల్టర్ పొర ఒకటి ఉంటుంది, అది కొంత వెలుతురు మింగేస్తుంది. అందుకే పేపర్‌వైట్ తెల్లగా ఉంటే ఇది కాస్త మాసినట్టు ఉంటుంది. ట్యూబ్‌లైట్ కింద కూడా లోపలి లైటు కొంచెం పెట్టుకోవాల్సి వస్తుంది. పాపకు ఇది నచ్చలేదు, ‘డల్‌గా ఉందమ్మా’ అంది. బాబుకు ఆ గొడవే లేదు, టమోటా ఎర్రగా ఉంటే చాలు.

కళ్ళ సంగతి చాలామంది అడుగుతున్నారు. ఈ-ఇంక్ స్క్రీన్‌లో సన్నటి గుళికలుంటాయి, వాటిలో నల్ల రేణువులు, తెల్ల రేణువులు. కరెంటు పెడితే అవి పైకీ కిందికీ కదులుతాయి, అంతే. బయటి వెలుతురు వాటి మీద పడి మన కంటికి వస్తుంది, కాగితం లాగా. లోపలి లైటు కూడా స్క్రీను మీదకే పడుతుంది, ఫోన్‌లో లాగా వెనక నుంచి మన కళ్ళలోకి కొట్టదు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట గుర్తుంచుకోండి. రెండేళ్ళు నిండని పిల్లలకు స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట దాటకూడదు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. అవ్వ ఒళ్ళో కూర్చుని కథ వినడం వేరు, చేతికిచ్చి వదిలేయడం వేరు. ఈ-ఇంక్ అయినా సరే నేను రెండోది చేయను.

ఇక చేతులు. మా ఇంట్లో ఆదివారం కారం దోసె. ఆ వేళ్ళతోనే బాబు వచ్చి స్క్రీను మీద వాలాడు. పేపర్‌వైట్ నీళ్ళకు తట్టుకుంటుంది, ఐపీఎక్స్8. తడి గుడ్డతో తుడిచేశాను, పోయింది. బూక్స్‌కు ఆ రక్షణ లేదు, దాన్ని కాపాడుకోవాల్సి వచ్చింది. రెండింట్లోనూ పేజీ తిప్పడానికి బటన్లు మాత్రం లేవు, ఇది నాకు పెద్ద కొరత. ఇద్దరు పిల్లలు చెరో పక్క కూర్చుని బొమ్మ చూపించడానికి వేలు పెడితే చాలు, పేజీ తిరిగిపోతుంది. బటన్లున్న కిండిల్ ఒయాసిస్ అమ్మకాలు 2024లో ఆగిపోయాయి. కోబో కంపెనీ వాళ్ళ లిబ్రా రీడర్‌లో ఇంకా ఉన్నాయి. కథలు వినిపించే ఇళ్ళకు బటన్లు ఎంత అవసరమో తయారుచేసే వాళ్ళు ఆలోచించాలి.

పగిలే సంగతి. మా దగ్గర ఇదివరకు వేరే కంపెనీది పాత రీడర్ ఒకటి ఉండేది. స్కూలు బ్యాగులో టిఫిన్ బాక్సు కింద నలిగింది. పైన ఒక్క గీత లేదు, కానీ సగం స్క్రీన్‌లో పాత పేజీ అలాగే అతుక్కుపోయింది, మిగతా సగమంతా గీతలు. ఎందుకంటే చాలా రీడర్లలో కనిపించే స్క్రీన్‌కు వెనక పలుచని గాజు పొర ఉంటుంది. పైది బాగున్నా అది లోపలే విరుగుతుంది. కాబట్టి గట్టి అట్ట ఉన్న కవరు లేకుండా పిల్లలున్న ఇంట్లో వాడకండి, బ్యాగులో అసలు పెట్టకండి. కొనేటప్పుడు ‘స్క్రీన్ పగిలితే వారంటీలో వస్తుందా’ అని నోటితో అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

ఎండల సంగతి కూడా. కిండిల్ వాడకానికి చెప్పిన ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకు. కడపలో మే నెల అంటే మీకు చెప్పాలా? వరండా నీడలో చదువుకోండి, హాయిగా ఉంటుంది. కారులో మాత్రం వదిలేయకండి.

బరువు: పేపర్‌వైట్ 211 గ్రాములు, నోట్ ఎయిర్ 420. అత్తమ్మ దాన్ని చేత్తో పట్టుకోలేదు, ఒళ్ళో దిండు వేసుకుని దాని మీద పెట్టుకున్నారు. ఇంకో జాగ్రత్త, ఇది ఆండ్రాయిడ్. యూట్యూబ్ కూడా తెరుచుకుంటుంది. నేను ప్లే స్టోర్‌లో అకౌంట్ పెట్టలేదు, పీడీఎఫ్‌లు కేబుల్‌తో ఎక్కించి వైఫై ఆపేశాను. పేపర్‌వైట్‌లో ఈ టెన్షన్ లేదు. స్టోర్‌కూ బ్రౌజర్‌కూ పిన్ పెట్టేస్తే అందులో పుస్తకం తప్ప ఇంకేం లేదు.

సరే, ఏది కొనాలి? మీ పాపో బాబో అయిదో తరగతి దాటి, ఇంగ్లీషు పుస్తకాలు సొంతంగా చదువుతుంటే పేపర్‌వైట్ తీసుకోండి. మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే డిక్షనరీ వస్తుంది, తేలిక, తడిసినా బాధ లేదు. ఆ పనికి అది చాలా మంచి వస్తువు. అంతకంటే చిన్న పిల్లలున్న ఇల్లయితే, అవ్వో తాతో అమ్మో తెలుగులో కథ వినిపించే ఇల్లయితే, నా ఓటు నోట్ ఎయిర్‌కే. ధర రెండు పేపర్‌వైట్‌ల ధరను దాటిపోతుంది, తెలుసు. అది తక్కువ డబ్బు కాదు. అంత పెట్టలేం అనుకుంటే పేపర్‌వైట్‌తో సర్దుకోవద్దు, ఆ డబ్బుతో అచ్చు పుస్తకాలే కొనండి. బొమ్మల పుస్తకాలు చాలానే వస్తాయి. కొనగలిగితే మాత్రం పెద్దదే తీసుకోండి. రెండు తలలు చెరో పక్క నుంచి వంగి చూసినా ఇద్దరికీ బొమ్మ కనపడింది, అవ్వకు అక్షరం కనపడింది. నాకు కావాల్సింది అదే.

పీడీఎఫ్‌లు ఎలా ఎక్కించాలి, మార్జిన్లు ఎలా కత్తిరించాలి అన్నది వచ్చే వీడియోలో చూపిస్తాను. రెండు రీడర్లూ ఈ వారం దాకా నా దగ్గరే ఉంటాయి. ఏదైనా పుస్తకం వేసి చూపించమంటే కింద రాయండి, వేసి చూపిస్తాను. ఉంటానండీ.