కిస్తీ కట్టిన డబ్బు ఎక్కడిది?

అందరికీ నమస్కారమండి. పేదిళ్ళ అప్పుల మీద సర్వేలు చేసేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి సూటిగా విషయానికొస్తా. రికవరీ బావుంది కాబట్టి లోను పనిచేసింది అని రిపోర్టుల్లో రాసేస్తుంటాం చూడండి, నా బాధంతా అక్కడే.

ఫీల్డులో ఒకామె పాస్‌బుక్కు చూపించింది, వారం వారం సంతకాలే, ఒక్క గడి కూడా ఖాళీ లేదు. టిక్కు పెట్టుకుని లేచాం. గుమ్మం దాటుతుంటే పక్కింటావిడ వచ్చి చేబదులు ఎప్పుడిస్తావమ్మా అంది. మళ్ళీ కూర్చుని అడిగితే, నాలుగు కిస్తీలు ఆ చేబదులుతోనే కట్టిందట, అంతకుముందు రెండు మేకల్ని అమ్మేసిందట. అసలు లోను తీసుకుందే ఆ మేకలు కొనడానికి! మా ఫారంలో ఈ ప్రశ్నే లేదు.

1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా ఊళ్ళో ముహమ్మద్ యూనస్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసరు 42 మందికి కలిపి ఇచ్చింది 27 డాలర్లే. 2006లో ఆయనకీ, పేదలకి చిన్న అప్పులివ్వడానికి ఆయన పెట్టిన గ్రామీణ బ్యాంకుకీ నోబెల్ శాంతి బహుమతి వచ్చేసరికి చిన్న అప్పుతో పేదరికం పోతుందనే ఆశ ప్రపంచమంతా పాకింది. 2015లో ఈ చిన్న అప్పుల మీద ఆరు దేశాల్లో చేసిన పరిశోధనలు ఒకేసారి బయటికొచ్చాయి, సగటున ఇంటి ఆదాయం పెద్దగా మారలేదని తేలింది. అందులో మొరాకోది చూడండి, 162 పల్లెల్ని జంటలుగా విడదీసి ప్రతి జంటలో ఒక ఊరికే లోన్లు అందేలా చేశారు. ఆ ఊళ్ళలో సొంత పని మీద పెట్టుబడి పెరిగింది, లాభమూ పెరిగింది, కానీ బయట కూలికెళ్ళడం తగ్గింది, దాంతో మొత్తం ఆదాయం ఉన్నచోటే ఉంది. దీన్ని ఫెయిల్యూర్ అంటే నేనొప్పుకోను, ఒకరి దగ్గర కూలి మానుకుని సొంత పని చూసుకోగలగడం చిన్న విషయమేం కాదు.

అసలు చిక్కు ఏంటంటే పంట డబ్బు ఏడాదికి ఒకట్రెండుసార్లు వస్తుంది, కిస్తీ మాత్రం వారం వారం వచ్చి కూర్చుంటుంది. జాంబియాలో తిండికి కటకటలాడే నెలల్లో అప్పిచ్చి కోతలయ్యాక తీర్చమన్నారు, జనం పక్క చేలకి కూలికి పోవడం తగ్గించి సొంత చేలో ఎక్కువ పనిచేశారు, దిగుబడి పెరిగింది.

ఇవన్నీ ఒక్కసారి వెళ్ళొస్తే తెలిసేవి కావండి. బంగ్లాదేశ్, ఇండియా, దక్షిణాఫ్రికాల్లో అవే ఇళ్ళకి రెండు వారాలకోసారి ఏడాది పాటు తిరిగి డబ్బు లెక్కలు రాసుకున్నారు, ఏ ఇల్లూ నాలుగు రకాల కంటే తక్కువ దారుల్లో డబ్బు సర్దుకోలేదు. అంత ఓపిక మనకి లేకపోయినా, ఈసారి ఫారంలో పోయిన కిస్తీ డబ్బు ఎక్కణ్ణించి తెచ్చావమ్మా అన్న ప్రశ్న పెట్టండి, గ్రూపువాళ్ళ ముందు కాదు, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అడగండి.