ఎల్మ్‌హర్స్ట్‌లో అమ్మకి నచ్చిన రోలు

హాయ్ అండీ, ఎలా ఉన్నారందరూ? ఇవాళ మేం న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో ఉన్నాం. జాక్సన్ హైట్స్ 74వ స్ట్రీట్‌లో కరివేపాకు, దొండకాయలు కొనుక్కుని, ఆ సంచులతోనే ఎల్మ్‌హర్స్ట్ వైపు నడుస్తున్నాం. ఇక్కడ వుడ్‌సైడ్ అవెన్యూలో కొంత భాగానికి 2022లో లిటిల్ థాయ్‌లాండ్ వే అని పేరు పెట్టారు, అన్ని థాయ్ హోటళ్లున్నాయి మరి. మేం ఆంటీ అని పిలిచే థాయ్ ఆవిడ హోటల్ కూడా ఈ చుట్టుపక్కలే, ఏడెనిమిది టేబుళ్లు, అంతే.

అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది, గుడ్డు కూడా ముట్టదు. పోయిన నెల వేరే చోట నో ఫిష్ అని రెండుసార్లు చెప్పి ఆర్డర్ చేశాం, సగం ప్లేటు అయ్యాక అందులో ఫిష్ సాస్ పడిందని తెలిసింది. అమ్మ ఒక్క మాట అనలేదు, చెయ్యి కడుక్కుని ఆ పూటకి పస్తు పడుకుంది. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ప్యూర్ వెజ్ వాళ్లకి ఇది గట్టిగా చెప్తున్నాను, థాయ్ హోటల్లో వెజ్ అంటే సరిపోదండీ. చేపల నీళ్లలాంటి ఆ ఫిష్ సాస్‌ని, వాళ్ల మాటలో నామ్ ప్లాని, మనం ఉప్పు వేసినట్టు వేస్తారు, గ్రీన్ కర్రీ ముద్దలో చాలాసార్లు రొయ్యల పేస్టు ముందే నూరేసి ఉంటుంది, ఆకుకూర వేపుడులో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పడుతుంది. 'జే' అని అడగండి. మాంసం, చేప, గుడ్డు ఏవీ లేని వంటని వాళ్లు అలా అంటారు, అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు.

నేను జే అనగానే ఆంటీ అమ్మ వైపు తిరిగి, వెల్లుల్లి చూపించి, ఇది తింటారా అని సైగ చేసింది. అమ్మ తల ఊపింది. ఇక చూడండి, బొప్పాయి సలాడ్ కోసం ముందున్న రోలు పక్కకి జరిపేసి, పై అరలోంచి ఇంకో మట్టి రోలు దించి, కడిగి తుడిచి పెట్టింది. ఆ మొదటి దాంట్లో ఎండురొయ్యలు దంచుతారు కదా, అందుకని. మేం అడగలేదండీ, తనే చేసింది! అమ్మ అది చూసింది, చూసి కుర్చీలోంచి లేచి కౌంటర్ దగ్గరికెళ్లి నిలబడింది.

వెల్లుల్లి, పచ్చిమిర్చి, తాటిబెల్లం ముక్క, పల్లీలు, టమాటా, నిమ్మకాయ, చివర్లో సన్నగా తరిగిన పచ్చి బొప్పాయి. ఒక చేత్తో చెక్క రోకలి, ఇంకో చేత్తో గరిటె, ఒక్క పోటు వేసి గరిటెతో కింది నుంచి పైకి తిప్పడం, మళ్లీ ఒక పోటు. "మెత్తగా దంచట్లేదే, రసం దిగేదాకే నలుపుతోంది, చూడు" అంది అమ్మ. కళ్లు ఆ రోటి మీదే ఉన్నాయి.

తర్వాత తూటికూర వేపుడు వచ్చింది, మన చెరువుల్లో పెరిగే తూటికూరే, వాళ్లు పక్ బుంగ్ అంటారు. టోఫూలో వేసింది తులసి అని చెప్తే అమ్మ ఒక్క క్షణం ఆగి, ఒక ఆకు కళ్లకద్దుకుని తింది. శంఖుపూల షర్బత్‌లో నిమ్మరసం పిండితే నీలం కాస్తా ఊదారంగులోకి తిరిగింది. ఇక్కడ చెంచాతో తింటారు, ఫోర్క్ అన్నాన్ని చెంచాలోకి తోసుకోవడానికే. అమ్మ మాత్రం చేత్తోనే కలుపుకుంది. ఆంటీ చూసి, లోపలికెళ్లి చెయ్యి కడుక్కోవడానికి గిన్నెలో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

బిల్లు కట్టి వచ్చేస్తుంటే అమ్మ సంచిలోంచి గుప్పెడు కరివేపాకు రెబ్బలు తీసి ఆంటీ చేతిలో పెట్టింది. ఆంటీ వాసన చూసి, ఇది దేంట్లో వేస్తారని అడిగింది. పోపులో వేయాలని చెప్పడానికి అమ్మ మళ్లీ కౌంటర్ లోపలికెళ్లింది, నేను బయట సంచులు పట్టుకుని నిలబడి మీతో మాట్లాడుతున్నాను.