సభ అయ్యాక సంచి విప్పి చూడండి

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఏదో ఒక సభకో, ఆటల పోటీకో, ఉత్సవానికో వాలంటీర్లుగా పనిచేసే ఉంటారు. చెత్త విషయానికి వచ్చేసరికి మీకు అప్పజెప్పే పని ఎప్పుడూ ఒకటే. జనం వెళ్లిపోయాక చేతికి గ్లవ్స్ ఇచ్చి, "కాస్త ఇదంతా ఎత్తేయండి" అంటారు. మీరు ఎత్తుతారు, ఫొటో దిగుతారు, ఇంటికెళ్తారు. ఆ పని చిన్నదని నేను అనను. కానీ ఆ చెత్తంతా నెల రోజుల ముందే, కొనాల్సిన వస్తువుల జాబితా రాసిన రోజే ఖాయమైపోయింది. మీరు ఉండాల్సింది ఆ జాబితా రాసే గదిలో. అక్కడికి ఎలా వెళ్లాలో చెప్పడానికే ఈరోజు వచ్చాను.

ఖాళీ చేతులతో వెళితే ఆ గదిలో ఎవరూ వినరు. పర్యావరణం గురించి ఎంత బాగా మాట్లాడినా "మంచిదే, చూద్దాం" అని పంపించేస్తారు. చేతిలో ఒక కాగితం ఉండాలి, దాని మీద అంకెలు ఉండాలి. ఆ అంకెలు దొరికేది చెత్త సంచుల్లోనే.

కొంతమంది విద్యార్థులతో కలిసి ఒక సభ తాలూకు చెత్తను టార్పాలిన్ పట్టా మీద పోసి చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. మొదటి సంచి విప్పగానే నీళ్ల సీసాలు దొర్లాయి. ఖాళీ సీసాలు కావు. రెండు గుక్కలు తాగి, మూత గట్టిగా బిగించి పడేసినవి. ఒకమ్మాయి ఎవరూ చెప్పకుండానే బకెట్ తెచ్చుకుని, ఒక్కో మూతా తిప్పి నీళ్లు అందులో ఒంపడం మొదలుపెట్టింది. బకెట్ నిండింది. ఇంకొకటి తెచ్చింది. అదీ సగం దాటింది. మేమంతా చేస్తున్న పని ఆపేసి ఆ బకెట్ల చుట్టూ నిలబడ్డాం. సంచి అంత బరువు ఎందుకుందో అప్పుడర్థమైంది. అందులో ప్లాస్టిక్ కంటే తాగే నీళ్లే ఎక్కువ. అడుగున కవరు కూడా విప్పని చెంచాలు, కట్టు తెంపని కరపత్రాలు.

తర్వాతి సభకు ఆ అమ్మాయి బృందం ఆహ్వానపత్రంలో ఒకే ఒక్క వాక్యం చేర్పించింది, నీళ్ల సీసా వెంట తెచ్చుకోండి, లోపల నింపుకోవచ్చు అని. హాలుకు రెండు వైపులా నీళ్ల క్యాన్లు పెట్టించారు, మర్చిపోయి వచ్చేవాళ్ల కోసం గ్లాసులు ఉంచారు. సీసాలు పూర్తిగా పోలేదు. కానీ ఆ రాత్రి సంచులు మోసినవాళ్లకు తేడా భుజాల మీదే తెలిసింది.

కాబట్టి ముందు విప్పి చూడడం నేర్చుకోండి. అన్ని సంచులనూ తూచి రాసుకోండి, కానీ అన్నీ విప్పక్కర్లేదు. భోజనాల దగ్గరివి కొన్ని, గేటు దగ్గరివి కొన్ని, వేదిక వెనకవి కొన్ని తీసుకోండి. తూకం వేసి, పట్టా మీద పోసి, రకాలవారీగా కుప్పలు పెట్టండి. మళ్లీ ఒక్కో కుప్పనూ తూచండి. ఒక జాగ్రత్త, బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. వెయ్యి స్ట్రాలు కాటా మీద పెట్టినా ముల్లు పెద్దగా కదలదు. అందుకే తేలికవాటిని లెక్కపెట్టాలి కూడా. అన్ని సంచుల మొత్తం బరువును వచ్చిన జనంతో భాగిస్తే మనిషికి ఇన్ని గ్రాములు అని తేలుతుంది. పెద్ద సభనూ చిన్న సభనూ, ఈ ఏడాదినీ పోయిన ఏడాదినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఆ అంకె కావాల్సిందే. మందపాటి గ్లవ్స్, మాస్క్, కాలంతా కప్పే బూట్లు లేకుండా ఎవరూ చెయ్యి పెట్టకండి. సంచి ముట్టే ముందు, రోజూ ఆ పని చేసే పారిశుద్ధ్య కార్మికులతో కూర్చుని మాట్లాడండి. ఏ మూల ఏం పడుతుందో వాళ్లకు తెలిసినంతగా నిర్వాహకుల్లో ఎవరికీ తెలియదు. వాళ్లను అడిగేవాళ్లే లేరు.

అంకెలు చేతికొచ్చాక విద్యార్థులు సాధారణంగా చేసే మొదటి ఆలోచన ప్లాస్టిక్ తీసేసి పేపర్ పెట్టడం. ఇక్కడ కాస్త ఆగాలి. పేపర్ కప్పు నీళ్లకు నానకుండా ఉండేది లోపల పాలిథిన్ పొర ఉండబట్టే. ఆ పొరను విడదీసే ఏర్పాటు మామూలు కాగితం మిల్లులో ఉండదు. ఇక కంపోస్ట్ అవుతుందని అమ్మే పీఎల్‌ఏ కప్పుల సంగతి. పీఎల్‌ఏ అంటే మొక్కజొన్న లాంటి పంటల నుంచి చేసే ప్లాస్టిక్. అవి మట్టిలో కలవాలంటే సుమారు 55 నుంచి 60 డిగ్రీల వేడి నిలకడగా ఉండే పెద్ద కంపోస్ట్ కేంద్రం కావాలి. కంపోస్ట్ అయ్యే ప్యాకింగ్ వస్తువులకు ఉన్న ఐరోపా ప్రమాణం ఈఎన్ 13432 ప్రకారం అలాంటి వస్తువు 12 వారాల్లో ముక్కలైపోవాలి, 6 నెలల్లోపు 90 శాతం జీవ విచ్ఛిన్నం కావాలి, అంటే సూక్ష్మజీవులు దాన్ని తినేయాలి. అది అలాంటి కేంద్రాలను దృష్టిలో పెట్టుకుని పెట్టిన లెక్క. పెరట్లో గుంట తీసి వేస్తే ఎన్నాళ్లైనా అలాగే ఉండొచ్చు. ఎక్కువ డబ్బు పెట్టి, మంచి మనసుతో కొన్న కప్పులు చివరికి అదే చెత్తకుప్పకు చేరడం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలు నాకు తెలుసు. వాళ్ల తప్పేం లేదు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న వాళ్లకు ఎవరూ చెప్పలేదు. దీన్ని ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడికి? ఈ ప్రశ్నకు జవాబు ఒక ఫోన్ నంబరు రూపంలో లేకపోతే ఆ వస్తువు కొనకండి.

కడిగి మళ్లీ వాడే కప్పు చాలాచోట్ల మేలు. జర్మనీలో స్టేడియాల్లో, సంగీత ఉత్సవాల్లో కప్పుకు డిపాజిట్ తీసుకుని, తిరిగిస్తే వాపసు ఇవ్వడం మామూలే. కాకపోతే ఆ కప్పు మందంగా ఉంటుంది. జనం తిరిగివ్వకుండా పడేస్తే పల్చటి కప్పు కంటే నష్టం ఎక్కువ. కడిగే చోటు, తిరిగి తీసుకునే కౌంటర్ సిద్ధంగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

ఇప్పుడు భోజనం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. వినియోగదారుల దాకా వచ్చిన ఆహారంలో అది 19 శాతం. గాలి తగలకుండా చెత్తకుప్పల అడుగున కుళ్లిన ఆహారం నుంచి మీథేన్ అనే వాయువు వస్తుంది. నూరేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది.

నిర్వాహకులు అవసరానికి మించి ఎందుకు వండిస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? భయం. తక్కువ పడితే నలుగురిలో పరువు పోతుందన్న టెన్షన్. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. తిండి అందక ఎవరైనా వెనక్కి వెళ్లడం నిజంగానే తలదించుకునే విషయం. వాళ్ల భయాన్ని పోగొట్టేది మీ లెక్కే. "పోయినసారి ఇంతమంది పేర్లు ఇచ్చారు, ఇంతమంది వచ్చారు, ఇన్ని గిన్నెలు ముట్టకుండా మిగిలాయి" అని చూపించండి. పేర్లు నమోదు చేసుకునేటప్పుడే భోజనానికి ఉంటారా అని అడగండి. ఒకేసారి అంతా వండకుండా, చివరి విడత వంటను వచ్చిన జనాన్ని బట్టి చేయించమనండి. ప్లేట్లు చిన్నవి పెట్టించండి. నార్వే హోటళ్లలో చేసిన ఒక పరిశోధన 2013లో అచ్చయింది. ప్లేటు సైజు తగ్గిస్తే వృథా సుమారు 20 శాతం తగ్గింది. కావాలంటే మళ్లీ వచ్చి వడ్డించుకోవచ్చని బోర్డు పెట్టినా దాదాపు అంతే తగ్గింది. ఎవరినీ తక్కువ తినమన్నది లేదు.

మిగిలింది ఇంకొకరికి అందాలంటే గడియారం చూసుకోవాలి. వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని, వడ్డించేదాకా 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రాత్రి పదింటికి గిన్నెల ముందు నిలబడి ఎవరికి ఫోన్ చేద్దామా అని వెతుక్కుంటే సమయం దాటిపోతుంది. తీసుకునేవాళ్లు, వాహనం, మూతలున్న గిన్నెలు వారం ముందే కుదరాలి.

చెత్త డబ్బాల గురించి ఒక్క మాట. ఎక్కడా ఒంటరి డబ్బా పెట్టకండి, తడికీ పొడికీ పక్కపక్కనే ఉండాలి. మూతకు రంధ్రం ఎలా ఉందన్నది కూడా తేడా తెస్తుంది. సీసా పట్టేంత గుండ్రటి రంధ్రం, కాగితానికి సన్నటి చీలిక, ఇలా వేటికవి ప్రత్యేకమైన మూతలు పెట్టి చూసిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. పానీయాల సీసాలు, టిన్నుల రీసైక్లింగ్ 34 శాతం పెరిగింది, అందులో పడకూడనివి పడడం 95 శాతం తగ్గింది. అట్టపెట్టె, కత్తెర ఉంటే ఈ మూతలు మీరే చేసుకోవచ్చు.

ఇదంతా పిల్లల సరదా అని ఎవరైనా అంటే ఐఎస్ఓ 20121 పేరు చెప్పండి. కార్యక్రమాలను వనరులు వృథా కాకుండా నడపడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం అది. లండన్ ఒలింపిక్స్ జరిగిన 2012లో వచ్చింది, 2024లో దాన్ని సవరించారు. అందులోనూ పని మొదలయ్యేది ప్రణాళిక దగ్గరే. గదిలోకి వెళ్లాక పది కోరికలు ఒకేసారి పెట్టకండి. మీ కుప్పల్లో పెద్దదేదో దానికి సంబంధించిన ఒక్క మార్పు అడగండి. అది చేసి చూపించి, మళ్లీ తూచి, రెండో మార్పుకు వెళ్లండి.

ఈ హాలు వెనక తలుపు దగ్గర ఈరోజు ఉదయం నుంచి నిండిన సంచులు నాలుగు ఉన్నాయి. కాటా తెచ్చాను, పట్టా తెచ్చాను, గ్లవ్స్ ఇరవై జతలున్నాయి. ఇక్కడ శుభ్రం చేసే అక్కలతో మాట్లాడాను, ఒక గంట మనతో ఉంటామన్నారు. వచ్చేవాళ్లు అటు నుంచి రండి, మొదలుపెడదాం.